రెండో గోల్‌కీపర్‌కు ప్యాడ్లు ఎప్పుడు?

2025 జూన్‌లో భారత పురుషుల హాకీ జట్టు అంతర్జాతీయ హాకీ సమాఖ్య నడిపే ప్రో లీగ్ ఆడటానికి యూరప్ వెళ్లింది. నెదర్లాండ్స్ చేతిలో 1-2, 2-3. అర్జెంటీనా చేతిలో 3-4, 1-2. ఆస్ట్రేలియా చేతిలో 2-3, మళ్లీ 2-3. వరుసగా ఆరు మ్యాచ్‌లు ఓడిపోయాం, ఆరింటిలోనూ తేడా ఒక్క గోలే. ఏడో మ్యాచ్‌లో బెల్జియం 6-3తో చిత్తు చేసింది. ఆఖరి మ్యాచ్‌లో అదే బెల్జియంపై 4-3తో గెలిచి పరువు దక్కించుకున్నా, తొమ్మిది జట్ల పట్టికలో ఎనిమిదో స్థానానికి పడిపోయాం. అప్పటికి పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి ఏడాది కూడా నిండలేదు.

ఒక్క గోల్ తేడాతో ఓడిన ప్రతిసారీ అభిమాని మనసు ఒక్క పేరు దగ్గరికే పోతుంది. రిటైరైన గోల్‌కీపర్ శ్రీజేశ్ ఉండి ఉంటే ఆ గోల్ ఆగేది కదా! నేనూ అలాగే అనుకున్నాను. అయితే స్కోర్లను మళ్లీ చూసుకుంటే ఆ మాటలో సగమే న్యాయం ఉందనిపించింది. ఆ ఓటముల్లో డిఫెన్స్ పొరపాట్లకు, ముందు వరుస చేజార్చుకున్న అవకాశాలకు కూడా వాటా ఉంది. గోల్‌కీపర్ ఒక్కడినే బోనులో నిలబెట్టడం తప్పు. కానీ మ్యాచ్ ఒక్క గోల్ మీద ఊగుతున్నప్పుడు గోల్ ముందు నిలబడ్డ మనిషికి ఆ ఊగిసలాట అలవాటై ఉండాలి. శ్రీజేశ్ తర్వాత గోల్ కాసిన కృషన్ బహదూర్ పాఠక్‌కూ, సూరజ్ కర్కేరాకూ ఆ అలవాటు కావడానికి మనం ఎన్ని సందర్భాలు ఇచ్చాం? నా ప్రశ్న ఇదే.

2024 ఆగస్టు 8న పారిస్ కాంస్య పోరులో స్పెయిన్‌ను 2-1తో ఓడించిన మ్యాచ్ పి.ఆర్. శ్రీజేశ్‌కు 336వది, చివరిది. అతని వయసు 36. అంతకు నాలుగు రోజుల ముందు బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్‌లో అమిత్ రోహిదాస్‌కు 17వ నిమిషంలో రెడ్ కార్డు పడింది. మిగిలిన మ్యాచ్ అంతా పది మందితోనే ఆడాం. 1-1తో నిలిచి, షూటౌట్‌లో 4-2తో గెలిచాం. టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీపై 5-4తో ముందున్న వేళ, ఆరేడు సెకన్లు మిగిలి ఉండగా వచ్చిన పెనాల్టీ కార్నర్‌ను ఆపి 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చిపెట్టినదీ ఇతనే. అతను తప్పుకున్నాక హాకీ ఇండియా 16వ నంబరు జెర్సీని సీనియర్ జట్టులో ఇంకెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది. అందుకు అతను అన్ని విధాలా అర్హుడు. అయితే జెర్సీని పక్కన పెట్టినంత సులువుగా ఆ స్థానాన్ని పక్కన పెట్టలేం. అక్కడ ఎవరో ఒకరు నిలబడాలి.

అనుభవజ్ఞుడిని అట్టిపెట్టుకోవాలా, కుర్రాళ్లను నమ్మాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా శ్రీజేశ్‌ను మొదటి పక్షానికి సాక్ష్యంగా చూపిస్తారు. నా దృష్టిలో అతని తొలి ఎనిమిదేళ్లు రెండో పక్షానికే గట్టి సాక్ష్యం. 2006లో కొలంబో దక్షిణాసియా క్రీడలతో సీనియర్ జట్టులోకి వచ్చాడు. అడ్రియన్ డిసౌజా, భరత్ ఛెత్రి లాంటి సీనియర్ల వెనక ఏళ్ల తరబడి వేచి ఉన్నాడు. 2011లో చైనాలోని ఓర్డోస్‌లో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్‌లో పాకిస్తాన్‌పై రెండు పెనాల్టీ స్ట్రోక్‌లు ఆపి వెలుగులోకి వచ్చాడు. ఆ మరుసటి ఏడాదే లండన్ ఒలింపిక్స్. కెప్టెన్ ఛెత్రితో పాటు శ్రీజేశ్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. ఆడిన ఆరు మ్యాచ్‌లూ ఓడి మన జట్టు పన్నెండింటిలో పన్నెండో స్థానంలో నిలిచింది. అంత అవమానం తర్వాత అతన్ని ఇంటికి పంపేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. పంపలేదు. రెండేళ్లకు 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల ఫైనల్‌లో పాకిస్తాన్‌తో షూటౌట్ జరిగింది. అతను గోల్ ముందు గోడలా నిలబడ్డాడు, స్వర్ణంతో పాటు రియో ఒలింపిక్స్ బెర్తు కూడా దక్కింది. లండన్ ఓటమిని అతని ఖాతాలో రాయలేదు కాబట్టే మనకు ఇంచియాన్ దక్కింది, టోక్యో దక్కింది, పారిస్ దక్కింది.

మరి పాఠక్ సంగతి? 2016 లక్నో జూనియర్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో సభ్యుడు. 2018లో సీనియర్ జట్టులోకి వచ్చాడు. వందకు పైగా మ్యాచ్‌లు ఆడాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. ఇంత చేసినా టోక్యోలో రిజర్వు, పారిస్‌లోనూ రిజర్వే. టోక్యోలో ఆ రిజర్వు జాబితాలోనే సిమ్రన్‌జీత్ సింగ్ కూడా ఉన్నాడు. కరోనా కారణంగా ఆ ఏడాది నిబంధన సడలించడంతో అతనికి తుది జట్టులో చోటు దొరికింది. జర్మనీతో కాంస్య పోరులో రెండు గోల్స్ కొట్టాడు. ఒకే జాబితాలో పక్కపక్కన ఉన్న రెండు పేర్లు ఇవి. ఒకరు పతకం తేవడంలో చేయి వేశారు, మరొకరికి ఆ అవకాశమే రాలేదు.

ఆటలో గోల్‌కీపర్ స్థానానికి ఉన్న ఇబ్బందే ఇది. హాకీలో ఆటగాళ్లను ఎన్నిసార్లయినా లోపలికీ బయటికీ మార్చుకోవచ్చు. పందొమ్మిదేళ్ల ఫార్వర్డ్‌ను ఒక క్వార్టర్‌లో మూడు నాలుగు నిమిషాలు ఆడించి, తప్పు చేస్తే వెనక్కి పిలిచి, చెవిలో నాలుగు మాటలు చెప్పి మళ్లీ పంపవచ్చు. గోల్‌కీపర్‌ను అలా నేర్పలేం. ఒలింపిక్స్‌లో 16 మందితో కూడిన జట్టులో గోల్‌కీపర్‌కు సాధారణంగా ఒకటే చోటు. రెండోవాడు ఎంత బాగా సాధన చేసినా తలుపు బయటే ఉండిపోతాడు.

పెనాల్టీ కార్నర్ ఎదుర్కోవడం ఎలాంటిదో ఒకసారి దగ్గరగా చూడండి. గోల్ 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు. గోల్‌లైన్ వెనక నలుగురు డిఫెండర్లు, ఒక కీపర్. బంతి కదలగానే మొదటి రషర్ (ముందుకు పరుగెత్తే డిఫెండర్) డ్రాగ్‌ఫ్లికర్ (బంతిని కర్రతో లాగి గోల్‌లోకి విసిరే ఆటగాడు) మీదికి దూకుతాడు. ఆ రషర్ ఏ వైపు నుంచి వెళితే కీపర్ చూపుకు అడ్డం రాడో, గోల్‌లో ఏ మూలను డిఫెండర్‌కు వదిలి ఏ మూలను తాను కాచుకోవాలో ముందే తేల్చుకుని ఉండాలి. ఆ తేల్చడం కీపర్ పని. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ శ్రీజేశ్ అరుస్తూనే ఉండేవాడు, టీవీలో కూడా ఆ గొంతు వినిపించేది. బంతి అవతలి సర్కిల్‌లో ఉన్నా ఇటువైపు డిఫెండర్‌ను రెండడుగులు పక్కకు జరిపేవాడు. ఆ అరుపుకు అధికారం ఉండేది. హర్మన్‌ప్రీత్ లాంటి కెప్టెన్ కూడా మారు మాట్లాడకుండా జరిగేవాడు. ఆ అధికారం సాధనలో రాదు. ఓడిపోయే మ్యాచ్‌లలో చివరి నిమిషం దాకా నిలబడితేనే వస్తుంది.

పాఠక్‌కు మ్యాచ్‌లు ఇవ్వలేదా అని అడగవచ్చు. ఇచ్చాం, కానీ ఎలా ఇచ్చామన్నది ముఖ్యం. ప్రో లీగ్‌లో మన జట్టు చాలాకాలం ఇద్దరు కీపర్లను క్వార్టర్ల వారీగా మార్చుకుంటూ ఆడింది. పదిహేను నిమిషాలు ఒకరు, పదిహేను నిమిషాలు ఇంకొకరు. ఇద్దరికీ ఆట దొరుకుతుంది కాబట్టి పైకి బాగానే కనిపిస్తుంది. కానీ మొదటి క్వార్టర్‌లో తను వదిలేసిన గోల్‌కు మిగిలిన నలభై ఐదు నిమిషాలు తనే బాధ్యత మోయాలన్న స్థితి ఆ పద్ధతిలో రాదు. తప్పు చేసినవాడు బెంచీ మీదికి వెళ్లిపోతాడు, సరిదిద్దేది ఇంకొకడు. కీపర్‌కు కావలసిన అసలు చదువు ఆ నలభై ఐదు నిమిషాల్లోనే ఉంది.

జర్మనీ ఇదే చిక్కును విడదీసిన తీరు మన కళ్ల ముందే, భువనేశ్వర్‌లో జరిగింది. 2023 జనవరి 29, ప్రపంచకప్ ఫైనల్. బెల్జియంపై 0-2తో వెనకబడ్డ జర్మనీ 3-2తో ముందుకొచ్చింది, చివర్లో బెల్జియం 3-3తో సమం చేసింది. మ్యాచ్ అంతా గోల్ ముందు అలెగ్జాండర్ స్టాడ్లర్ ఉన్నాడు. షూటౌట్ రాగానే అతన్ని తప్పించి ఇరవయ్యేళ్ల జాన్ పాల్ డానెబెర్గ్‌ను దింపారు. 23 మీటర్ల గీత దగ్గర నుంచి బంతితో దూసుకొచ్చే ఫార్వర్డ్‌కు ఎనిమిది సెకన్లు. అవతలి గోల్‌లో విన్సెంట్ వనాష్, షూటౌట్లలో ప్రపంచంలోనే పేరు మోసినవాడు. జర్మనీ 5-4తో కప్పు గెలిచింది. ఏడాదిన్నర తర్వాత పారిస్ సెమీస్‌లో మనల్ని 3-2తో ఓడించిన జర్మనీ జట్టుకు గోల్‌కీపర్ ఇదే డానెబెర్గ్. సీనియర్‌ను పక్కకు నెట్టకుండా, కుర్రవాడి చేతికి ఒక పని పూర్తిగా అప్పగించారు. గెలిచినా ఓడినా ఆ పని అతనిదే. నాకు ఈ చర్చలో కనిపించే దారి ఇదొక్కటే.

వయసును మాత్రం వాదనగా వాడుకోకూడదు. పారిస్‌లో స్వర్ణం గెలిచిన నెదర్లాండ్స్ కీపర్ పిర్మిన్ బ్లాక్ వయసు కూడా 36. ఫైనల్‌లో జర్మనీపై 1-1 తర్వాత షూటౌట్‌లో 3-1తో గెలిచారు. కీపర్లు ఆలస్యంగా పండుతారు. 1997లో పుట్టిన పాఠక్‌కు 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నాటికి 31 ఏళ్లు, అంటే చేతికొచ్చే వయసే. అతన్ని తప్పించాలని నేను అనడం లేదు. 2024 సెప్టెంబరులో చైనాలో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ, 2025 సెప్టెంబరులో రాజ్‌గిర్‌లో కొరియాను 4-1తో ఓడించి ఆసియా కప్, దానితో పాటు ప్రపంచకప్ బెర్తు, ఇవన్నీ పాఠక్, కర్కేరాలు గోల్ కాచిన టోర్నీలే.

ఇక్కడ మన తెలుగు అమ్మాయి ఒకరిని తలచుకోవాలి. చిత్తూరు జిల్లా (నేటి తిరుపతి జిల్లా) ఎర్రావారిపాలెం మండలం నుంచి భారత జట్టు దాకా వెళ్లిన ఇతిమరపు రజని. ఆమె, సవిత పునియా ఇద్దరూ 1990లోనే పుట్టారు. టోక్యో క్వార్టర్‌ఫైనల్‌లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించిన రోజు సవిత పెనాల్టీ కార్నర్లను ఒకదాని తర్వాత ఒకటి ఆపింది. అంతర్జాతీయ సమాఖ్య ఆమెను వరుసగా మూడుసార్లు ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపిక చేసింది. అదే టోక్యోలో రజని రిజర్వు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉంది. 2024లో ఒమన్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ (జట్టుకు ఐదుగురేసి ఆడే హాకీ) ప్రపంచకప్‌లో కెప్టెన్‌గా జట్టును ఫైనల్‌కు చేర్చి రజతం తెచ్చింది. సవిత గొప్పదనాన్ని తగ్గించాల్సిన పని లేదు. కానీ ఒక తరంలో ఇద్దరు మంచి కీపర్లు ఉన్నప్పుడు రెండో ఆమె వృత్తి జీవితం ఎక్కువగా బెంచీ మీదే గడిచిపోయింది. ఆ నష్టం ఆమెది మాత్రమే అయితే అది ఒక క్రీడాకారిణి దురదృష్టం. జట్టుకూ నష్టమే జరిగింది. 2025 ఆసియా కప్‌కు గాయంతో సవిత దూరమైనప్పుడు, భారం హఠాత్తుగా బిచ్చూ దేవి మీద పడింది. ఫైనల్‌లో చైనా 4-1తో గెలిచింది. దానికి బిచ్చూను నిందించడం ఎంతమాత్రం సరికాదు. అలాంటి రోజు ఎలా ఉంటుందో ఆమెకు ముందే రుచి చూపించాల్సిన బాధ్యత మనది.

హాకీ ఇండియా లీగ్ ఈ లోటు తీరుస్తుందని చాలామంది ఆశపడ్డారు. 2024 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన వేలంలో ఫ్రాంచైజీలు ఏం చేశాయో చూడండి. తమిళనాడు డ్రాగన్స్ ఐర్లాండ్ కీపర్ డేవిడ్ హార్ట్‌ను, బెంగాల్ టైగర్స్ పిర్మిన్ బ్లాక్‌ను, సూర్మా క్లబ్ వనాష్‌ను, మన హైదరాబాద్ తూఫాన్స్ డానెబెర్గ్‌ను కొనుక్కున్నాయి. ఫైనల్‌కు చేరింది బెంగాల్, హైదరాబాదే. బెంగాల్ 4-3తో గెలిచింది. ఫ్రాంచైజీ కోణంలో ఇది తెలివైన కొనుగోలే, డబ్బు పెట్టినవారు గెలుపు కోరుకుంటారు. కానీ మన యువ కీపర్లు ఒత్తిడిలో ఆడటానికి దేశంలో ఉన్న అతి పెద్ద వేదిక మీద గోల్‌పోస్టు అద్దెకు పోయింది. డ్రెస్సింగ్ రూమ్‌లో వనాష్ పక్కన కూర్చుంటే నేర్చుకునేది చాలా ఉంటుంది, కాదనను. అయినా ఈత గట్టు మీద కూర్చుంటే రాదు. లీగ్ దశలో కొన్ని మ్యాచ్‌లలో తప్పనిసరిగా భారతీయ కీపరే ఆడాలని ఒక నియమం పెడితే ఏ ఫ్రాంచైజీ మునిగిపోదు.

ఈ వాదనకు ఎదురుగా ఉన్న బలమైన మాట ఒకటుంది, దాన్ని దాటవేయను. ప్రో లీగ్‌లో చివరి స్థానంలో నిలిస్తే కిందికి జారిపోతాం. 2024-25లో మన మహిళల జట్టుకు అదే జరిగింది. పురుషుల జట్టు ఒక్క మెట్టు తేడాతో బయటపడింది. ఇలాంటప్పుడు కుర్ర కీపర్‌తో ప్రయోగాలేమిటని కోచ్ క్రెయిగ్ ఫుల్టన్ అడిగితే జవాబు చెప్పడం కష్టమే. నా జవాబు ఇది: రిస్కు ఎలాగూ తప్పదు. ఇప్పుడు ప్రో లీగ్‌లో రెండు పాయింట్లు పోగొట్టుకుంటామా, రేపు పాఠక్ మోకాలికి దెబ్బ తగిలిన రోజున ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనలే పోగొట్టుకుంటామా అన్నది తేల్చుకోవాలి. 2017 అజ్లాన్ షా కప్‌లో శ్రీజేశ్ మోకాలి లిగమెంట్ తెగి నెలల తరబడి ఆటకు దూరమైన సంగతి మనకు కొత్త కాదు.

2025 డిసెంబరులో చెన్నైలో జూనియర్ ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్ జరిగింది. ప్రత్యర్థి బెల్జియం, స్కోరు 2-2, మ్యాచ్ షూటౌట్‌కు వెళ్లింది. గోల్ ముందు ప్రిన్స్‌దీప్ సింగ్. గీత అవతల కోచ్ స్థానంలో శ్రీజేశ్. ఎవరి చేతుల మీద పదేళ్లు దేశం ఊపిరి బిగబట్టుకుని కూర్చుందో, ఆ మనిషి ఇప్పుడు చేతులు కట్టుకుని చూడాల్సిన వంతు. ప్రిన్స్‌దీప్ ఆపాడు, 4-3తో గెలిచాం. సెమీస్‌లో జర్మనీ చేతిలో 1-5తో ఘోరంగా ఓడినా, అర్జెంటీనాను 4-2తో ఓడించి కాంస్యం అందుకున్నారు. ఒక షూటౌట్‌తో ఎవరూ శ్రీజేశ్ అయిపోరు. ఆ కుర్రవాడి మీద అంత పెద్ద పేరు మోపడం అతనికే చేటు.

కాబట్టి పాఠక్‌ను మొదటి కీపర్‌గా ఉంచండి, అతను ఆ స్థానాన్ని నిలబడి సంపాదించుకున్నాడు. ప్రపంచకప్‌కూ ఆసియా క్రీడలకూ అతనే గోల్ కాయాలి. ప్రో లీగ్‌లో మాత్రం ఒక విడత మొత్తం, మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా, క్వార్టర్లు మార్చకుండా యువ కీపర్‌కు అప్పగించండి. ఆ విడతలో నాలుగు ఓడితే నాలుగు ఓడనివ్వండి. షూటౌట్ బాధ్యత ఎవరిదో టోర్నీకి ముందే చెప్పండి, ఆ పేరు జట్టంతా వినేలా చెప్పండి. పాఠక్ ఇరవై ఒకటో ఏట సీనియర్ జట్టులోకి వచ్చి, ముప్పయ్యో పడి దగ్గర పడేదాకా ఒలింపిక్స్‌లో గోల్ ముందు నిలబడే వంతు కోసం చూశాడు. ప్రిన్స్‌దీప్‌కు ఆ ఎదురుచూపు ఎన్నేళ్లో వచ్చే సీనియర్ జట్టు జాబితా చెబుతుంది.