ఒక్క వాక్యంలో పోయిన తోట

పోయిన ఏడాది నా జ్ఞాపకాల పుస్తకం తొలి ప్రతి పూర్తయింది. 212 పేజీలు వచ్చాయి. అమలాపురం దగ్గర పల్లెలో బాల్యం, కాకినాడలో ఇంజనీరింగు, 1994లో అమెరికా, ఉద్యోగాలు, పిల్లల చదువులు, అన్నీ వరసగా రాశాను. మొదటి ఇల్లు కొన్న ముచ్చటకే పదకొండు పేజీలు పట్టింది. 1996 తుఫాను గురించి మాత్రం ఒక్క వాక్యమే ఉంది: "ఆ ఏడు తుఫానులో మా కొబ్బరి తోట పోయింది."

ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. మళ్లీ ముందుకు వెళ్లలేకపోయాను.

అమెరికాలోని మన తెలుగు సంఘంలో అరవై దాటిన చాలామంది ఇప్పుడు జ్ఞాపకాలు రాస్తున్నారు. రాయాలి కూడా. కానీ మనలో గోదావరి వాళ్లం రాసినవి పక్కపక్కన పెట్టి చదివితే అందరిదీ ఒకే పుస్తకంలా ఉంది. పంటు మీద రేవు దాటడం, పుష్కర స్నానం, పూతరేకులు, చివరికి విమానం. ఇవన్నీ నిజమే, కానీ ఇవి అందరివీ. మనం రాయకపోతే మరెవరూ రాయలేనిది ఏదో, దాన్నే ఎంచుకోవాలని నా గట్టి నమ్మకం.

స్వీయచరిత్ర మన గోదావరి సీమకు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం గారూ రాశారు, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారూ రాశారు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం గారికి తన బతుకూ ఊరి చరిత్రా విడదీయరానివి. ఆయన అంతా చెప్పుకోవచ్చు. మనలాంటి వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఏరుకోవాలి.

ఎక్కడ ఏరుకోవాలి? మనం తప్పించుకుని దాటిపోయిన చోట. నాకైతే అది నాన్నగారి లెక్కల పుస్తకంలో దొరికింది. ఎర్ర అట్ట, అంచులు చెమ్మకు ఉబ్బిపోయాయి. ప్రతి దింపుకీ, అంటే చెట్లెక్కి కాయలు దించిన ప్రతిసారీ, ఒక వరస: తేదీ, కాయలు, వెయ్యికి ధర, దింపు కూలీ, వలుపు కూలీ. ఏళ్ల తరబడి అదే చేతిరాత, అవే గళ్లు. 1996 నవంబరు 6 రాత్రి, దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా, కోనసీమ మీద తుఫాను విరుచుకుపడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. మొవ్వులు మెలితిరిగి తెగిపోయి, మొండి మానులే మిగిలిన తోటలను ఆ తర్వాత ఫొటోల్లో చూశాను. నాన్నగారి పుస్తకంలో ఆ వారం ఒకే మాట: "ఉన్నవి 23." అంతకుముందు 190 చెట్లుండేవి.

నేనక్కడ లేను. ఫోను లైన్లు తెగిపోయి తొమ్మిది రోజుల తర్వాత గానీ అమ్మ గొంతు వినలేదు. కొత్త ఉద్యోగమని పద్నాలుగు నెలల దాకా వెళ్లలేదు. నా పుస్తకం రాయాల్సింది ఈ పద్నాలుగు నెలల గురించే. ఇల్లు కొన్న పేజీలు కొట్టేశాను. పిల్లలకు తేదీలూ తాతల పేర్లూ కావాలని మా ఆవిడ అంది, న్యాయమే. వాటికి పుస్తకం చివర రెండు పేజీల వంశవృక్షం చాలు.

నాన్నగారి లెక్కల పుస్తకమే నాకు మరో మనిషిని చూపించింది. దింపు కూలీ గడిలో పదహారేళ్ల పాటు ఒకే పేరు. చిన్నప్పుడు నాకు లేత బొండాం కొట్టిచ్చినవాడు. తుఫానుకు నాన్నగారి తోటతో పాటు అతని పనీ పోయింది. 23 చెట్ల దింపుతో ఎవరి కడుపూ నిండదు. 1997లో ఆ పేరు ఆగిపోయింది. కువైట్ వెళ్లాడని అమ్మ చెప్పింది. అతనూ మనలాగే ఊరు విడిచినవాడే, కానీ ఇలాంటి పత్రికలో అతని జ్ఞాపకాలు రావు. నా 212 పేజీల్లో అతని పేరు ఒక్కసారి కూడా లేదు. మన బాల్యాలను ఎవరి చేతులు నడిపించాయో వాళ్లను విడిచిపెట్టి ఏరుకోవడం మాత్రం అన్యాయం.

ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను. పుట్టుకతో కాదు, నాన్నగారి లెక్కల పుస్తకంలో 2004 నాటి ఒక పేజీతో. తుఫాను మరుసటి ఏడు నాటిన మొక్కలు అప్పుడు కాపుకొచ్చాయి. "కొత్త చెట్లు, మొదటి కాపు, 46 కాయలు" అని ఉంది. దింపు కూలీ గడి ఖాళీ. లేత చెట్లకు గెలలు చేతికందే ఎత్తులోనే ఉంటాయి. నాన్నగారే కోసుకుని ఉంటారు.