నూనె మానితే సరిపోతుందా?

దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్‌తో, అంటే క్లోమం (పాంక్రియాస్) వాచి క్రమంగా దెబ్బతినే జబ్బుతో బాధపడుతున్న కొడుక్కి ఏడాదిగా నూనె, నెయ్యి మాన్పించి కొర్రన్నం పెడుతున్న తండ్రికీ, ఆసుపత్రిలో ఆహార నిపుణురాలిగా పనిచేస్తున్న ఆయన తమ్ముడి కూతురికీ మధ్య జరిగిన వాదన ఇది.

పెద్దనాన్న: నెయ్యి తిన్న రాత్రి వాడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోవడం కళ్ళారా చూసినవాణ్ణమ్మా నేను. మొదట చూసిన డాక్టరుగారే నూనె పూర్తిగా మానేయమని చీటీ మీద రాసిచ్చారు. ఇప్పుడు నువ్వొచ్చి నెయ్యి వేయమంటే ఏ తండ్రికి చెయ్యాడుతుంది?

కూతురు: ఒకప్పుడు అందరూ ఇచ్చిన సలహా అదే, పెద్దనాన్నా. నొప్పి తిరగబెట్టిన రోజుల్లో కొవ్వు తగ్గించడం ఇప్పటికీ సబబే. అయితే ఆ నాలుగు రోజుల పథ్యాన్ని మనం ఏడాది పొడుగునా సాగదీశాం. పిండిపదార్థం అరగడం నోట్లోని లాలాజలంతోనే మొదలవుతుంది, మాంసకృత్తులకు కడుపులోని రసాలు కొంత సాయపడతాయి, కొవ్వుకు మాత్రం క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైమే, అంటే కొవ్వును అరిగించే పదార్థమే ప్రధాన ఆధారం. ఆ లైపేజ్ మామూలులో పదో వంతుకు పడిపోయేదాకా పెద్దగా ఏమీ బయటపడదు. ఆ తర్వాతే మలం జిడ్డుగా, పాలిపోయి, ఎన్ని నీళ్ళు పోసినా పోకుండా నీటి మీద తేలుతుంది. క్లోమం నుంచే వచ్చే ఎలాస్టేజ్ అనే మరో ఎంజైము మలంలో గ్రాముకు 200 మైక్రోగ్రాముల లోపు ఉంటే ఎంజైముల లోపాన్ని అనుమానిస్తారు, 100 లోపు ఉంటే తీవ్రమైనదంటారు. అన్నయ్యకు వంద కూడా రాలేదు. కొవ్వుతోపాటే ఒంట్లోకి చేరవలసిన ఏ, డీ, ఈ, కే విటమిన్లు కూడా అలాగే బయటికి పోతున్నాయి. మసకచీకటి పడ్డాక బండి తీయడానికి అన్నయ్య ఎందుకు జంకుతున్నాడో మీరు అడిగారా? అది విటమిన్ ఏ లోపం కావచ్చు, పరీక్ష చేయించాలి. డీ తగ్గితే ఎముకలు ఈ వయసులోనే గుల్లబారతాయి. నూనె మానేస్తే మలంలో జిడ్డు తగ్గుతుంది, కానీ తిన్నది ఒంటికి పట్టినట్టు కాదు, అసలు తినడమే తగ్గినట్టు.

పెద్దనాన్న: మరి ఎంజైము మాత్రలు వాడుతూనే ఉన్నాడు కదా? నొప్పి ఏమాత్రం తగ్గలేదు. మంచి మందే అయితే గుణం కనిపించాలి కదమ్మా!

కూతురు: అది నొప్పికి ఇచ్చే మందు కాదు, అన్నాన్ని అరిగించడానికి ఇచ్చేది. పైగా వాడు వేసుకునే తీరు చూశాను. భోజనమంతా అయ్యాక చెయ్యి కడుక్కుని, పదివేల యూనిట్లది ఒకే ఒక్క మాత్ర మింగుతున్నాడు. పెద్దవాళ్ళకు పూట భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్లతో మొదలుపెడతారు, చిరుతిండికి అందులో సగం. మొదటి ముద్దలతో కొంత, భోజనం మధ్యలో కొంత వేసుకోవాలి, ఎందుకంటే అన్నమూ ఎంజైమూ కలిసే పేగులోకి దిగాలి. కడుపులోని ఆమ్లం తగిలితే లైపేజ్ పాడైపోతుంది కనుక లోపలి గుళికలకు పూత వేస్తారు, వాటిని నమలకూడదు.

పెద్దనాన్న: పూటకు నాలుగైదు మాత్రలా! బ్రతికినన్నాళ్ళూ ఎవరు కొంటారమ్మా? జీతానికి వెళ్ళలేని మనిషి వాడు. మీరు కాగితం మీద అంకెలు సులువుగా రాసేస్తారు.

కూతురు: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, పెద్దనాన్నా. ఖర్చు నిజం. ఉన్న డబ్బుతో ఏది ముందో నిర్ణయించుకుందామంటున్నాను. ఆ కొర్రలకయ్యే ఖర్చు ముందుగా…

పెద్దనాన్న: కొర్రల జోలికి రాకు! అవి మొదలుపెట్టాకే వాడి షుగరు అదుపులోకి వచ్చింది. పరీక్ష కాగితాలు చూపించమంటావా?

కూతురు: అదుపులోకి వచ్చిందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎందుకు వచ్చిందో చూడండి. బరువు తగ్గి, తిన్నది అరగక పోతున్న మనిషికి షుగరు తగ్గితే అది ఆరోగ్యమని ఎలా అనుకోగలం? పీచు మరీ ఎక్కువైతే ఎంజైముల పనికి అడ్డుపడుతుంది, కడుపు త్వరగా నిండిపోతుంది, ఉబ్బరం పెరుగుతుంది. మామూలు మధుమేహానికి మంచిదైన తిండి ఈ జబ్బుకు అలాగే సరిపోదు. క్లోమం దెబ్బతిని వచ్చిన షుగరులో ఇన్సులిన్‌తోపాటు, పడిపోయిన చక్కెరను పైకి లేపే గ్లూకగాన్ కూడా తగ్గిపోతుంది. అందుకే ఇన్సులిన్ వేసుకుని సరిగా తినకపోతే ప్రమాదం.

పెద్దనాన్న: కొర్రన్నం పూర్తిగా మాననివ్వను. ఒక పూట వరి అన్నం పెడతాను, చెంచాడు నెయ్యి వేస్తాను. రేపు మధ్యాహ్నం నువ్వే వచ్చి పక్కన కూర్చుని, మాత్ర ఏ ముద్దకు వేసుకోవాలో వాడికి చూపించు. నొప్పి వస్తే మాత్రం నెయ్యి ఆ పూటే ఆపేస్తాను.

కూతురు: నొప్పి వస్తే ఆపండి, నేను కాదనను. వచ్చేముందు డాక్టరుగారితో మాట్లాడి మాత్రల మోతాదు, డీ విటమిన్ పరీక్ష రాయించుకుని వస్తాను. ఇన్సులిన్ గురించీ అడగాలి, ఎందుకంటే తిన్నది ఒంటబట్టడం మొదలైతే ఇప్పుడున్న మోతాదు చాలకపోవచ్చు.