రాజు, జాకీ, ఒక సెకన్ల ముల్లు

పోకర్ టోర్నమెంటు టేబుల్ చుట్టూ 9 మంది. ముందున్న ముగ్గురూ ముక్కలు పడేశారు. మనవాడి చేతిలో ఇస్పేటు రాజు, ఆటీన్ జాకీ. బటన్ మీదైతే (వెనక ఇద్దరే మిగిలే సీటు) రెండో ఆలోచన లేకుండా రైజ్, అంటే పందెం పెంచడం; మొదటి సీట్లో అయితే ఫోల్డ్, అంటే ముక్కలు పడేయడం. ఖర్మకాలి కూర్చున్నది మధ్యలో, వెనక ఇంకా ఐదుగురున్నారు. మిగిలిన పేకలో ఆసు-రాజు 12 రకాలుగా కుదురుతుంది, రాజు-రాణి 12, ఆసు-జాకీ మరో 12. వీటిలో ఏది ఎదురైనా గెలిచేది దాదాపు నాలుగింట ఒకసారే. అసలు దెబ్బ బోర్డు మీద, అంటే అందరికీ ఉమ్మడిగా పరిచే ముక్కల్లో, రాజు పడ్డప్పుడు తగులుతుంది: జత కుదిరిందన్న సంబరంలో చిప్పులన్నీ తోసేశాక అవతలివాడు అదే రాజు జతకి రాణి కిక్కర్ (జతలు సమానమైతే గెలుపు తేల్చే పక్క ముక్క) చూపిస్తాడు.

ఏ ముక్కలతో ఎలా ఆడాలో కంప్యూటర్ లెక్కగట్టి ఇచ్చే సాల్వర్ చార్టు మహాశయుడు మాత్రం తాపీగా ‘25 శాతం రైజ్, 75 శాతం ఫోల్డ్’ అని రాసిపెట్టాడు. మరి ఈసారి ఏం చేయాలి? దానికో చిట్కా ఉంది: సెకన్ల ముల్లు 45 దాటి ఉంటే రైజ్, లేకుంటే ఫోల్డ్.

చేతికి వాచీ లేదు. ఆట మధ్యలో ఫోన్ తీయకూడదు. మిగిలింది గోడ గడియారం. మనవాడు తలెత్తి చూశాడు. బ్యాటరీ చివరి దశలో ఉన్నట్టుంది, ముల్లు సరిగ్గా 9 అంకె దగ్గర ఇరుక్కుని గిలగిలా కొట్టుకుంటోంది. పైకెగిరితే 46, జారితే 44. రైజ్. ఫోల్డ్. రైజ్. ఫోల్డ్. చిప్పుల మీదికి వెళ్లిన చెయ్యి ముక్కల మీదికి, మళ్లీ చిప్పుల మీదికి. డీలర్ కూడా మెడ తిప్పి ఆ గోడకేసి చూశాడు, పాపం, అక్కడేదో ఉందనుకుని. ఇంతకీ చార్టు రెండూ కలిపి ఆడమందంటే రెండింటి విలువా ఒకటేనని అర్థం. ఫోల్డ్ విలువ సున్నా. అంటే ఈ తపస్సంతా సున్నా కోసమే.

పక్క సీటాయన ఉండబట్టలేక ‘క్లాక్!’ అన్నాడు, అంటే ఇతనికి గడువు పెట్టండని. ‘అదే చూస్తున్నానండీ’ అన్నాడు మనవాడు. ఫ్లోర్ మేనేజర్ వచ్చాడు, లెక్కపెట్టాడు, గడువు ముగిసింది. మనవాడి ముక్కలు రద్దు.

అంత తొందరపెట్టిన పెద్దమనిషి తన వంతు రాగానే డైమన్ తొమ్మిది-నాలుగుతో రైజ్ కొట్టాడు. అదేమిటంటే ‘సూటెడ్ కదండీ’ అట, అంటే రెండూ ఒకే రంగు గుర్తువని. రివర్ (బోర్డు మీది చివరి ముక్క) దాకా వెళ్లినా ఆ రెండు ముక్కలతో ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) కుదిరేది 100కి ఆరేడు సార్లు. ఆ రోజు ఫ్లాప్‌లోనే, బోర్డు మీది మొదటి మూడు ముక్కలతోనే, కుదిరింది.