పొడుగుకాళ్ల బావగారికి

పయనీర్ బావగారికి నమస్కారాలు.

ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్‌లో, పొడుగు కాళ్ల మీద నీళ్లలో నడిచిన కరెంటు బండి మీరు. ఆ ఊరి జనం మిమ్మల్ని ముద్దుగా 'డాడీ లాంగ్‌లెగ్స్' (పొడుగుకాళ్ల నాన్న) అనేవారట. నాన్న వరసైతే వేళాకోళం ఆడలేను కనక బావ వరస కలిపేసుకుంటున్నాను.

ముందు ఒక సందేహం తీర్చండి. మీరు రైలా, పడవా? పట్టాల మీద నడిచారు కాబట్టి రైలే అందామంటే, ఆ పట్టాలేమో సముద్రం అడుగున. పైన తీగ నుంచి కరెంటు తీసుకున్నారు కదా, ట్రామే అందామంటే వెనక లైఫ్‌బోటు, లోపల అర్హత ఉన్న ఓడ కెప్టెన్! 45 టన్నుల ఒళ్లు, 150 మందికి చోటు, కింద 23 అడుగుల కాళ్లు నాలుగు. అచ్చం పంచె ఎగ్గట్టి కాలవ దాటుతున్న పెద్దమనిషి.

తప్పు మీది కాదులెండి, ఆ ఊరి నీళ్లది. గ్రంథుల జబ్బులకు సముద్రపు నీళ్లే మందని 1750లో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు పుస్తకం రాశాడు. అంతే, డబ్బున్న రోగులంతా అక్కడికే. మన బీహార్‌లోని పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అక్కడ ఆవిరి స్నానాలు, మర్దనాల దుకాణం పెట్టి ఏకంగా రాజుగారి 'షాంపూయింగ్ సర్జన్' అయిపోయాడు. (మన చంపీ చేసేవాళ్లను ఇక్కడెవరూ సర్జన్ అనరు, పాపం.) 1841లో లండన్ నుంచి రైలు పడ్డాక ఏ రోగమూ లేనివాళ్లూ దిగడం మొదలైంది. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లకి కాలక్షేపం కావద్దూ?

అది మిమ్మల్ని తయారుచేసిన మీ నాన్నగారు మాగ్నస్ వోల్క్ చూసుకున్నారు. 1883లో బీచ్ వెంట బుల్లి కరెంటు రైలు నడిపారు. దాన్ని తూర్పున రాటింగ్‌డీన్ అనే ఊరి దాకా లాగుదామంటే కొండగట్టు అడ్డం. ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. ఆయన సముద్రంలోకి దిగారు.

1896 నవంబరు 28న మీ ఆరంభం. డిసెంబరు 4 రాత్రి తుఫాను. పదహారు రోజుల పండగ దాకా ఎందుకు, వారం తిరక్కుండానే పెళ్లికొడుకు బోర్లా పడ్డాడు. సముద్రంలోకి కట్టిన 1823 నాటి వంతెన, చెయిన్ పియర్, ఆ రాత్రే కొట్టుకుపోయింది, మళ్లీ లేవలేదు. మీరు మాత్రం 1897 జూలైకల్లా లేచి నిలబడ్డారు. ఈ ఒక్క మాటా వెటకారం కాదు బావగారూ.

కానీ ఆ నడకేమిటండీ! పోటు వచ్చిందంటే చాలు, మోటార్లు మూలగడమే తప్ప మీరు కదిలేవారా? మంచి మోటార్లు పెట్టించడానికి నాన్నగారి దగ్గర డబ్బుల్లేవు. ఆ పైన రాటింగ్‌డీన్ దగ్గర అలలకు అడ్డుగోడలు కట్టారు, దాంతో మీ పట్టాల కింద నేల కోసుకుపోయింది. 1900 వేసవిలో, సరిగ్గా జనం వచ్చే జూలై, ఆగస్టుల్లోనే రిపేర్లు! అవి కాగానే తీరం రక్షణ గోడ కడుతున్నాం, పట్టాలు ఇంకా లోతుకి జరుపుకోమని నగరపాలకుల కబురు. నడుం లోతులోనే నానా అవస్థ పడుతున్నవాణ్ణి పీకల్లోతుకి పొమ్మన్నట్టుంది. 1901తో మీ ప్రయాణం సరి. 1910లో పాతినుము.

మీ అన్న, ఆ బుల్లి రైలు మాత్రం ఒడ్డునే ఉండి నేటికీ నడుస్తోంది. మీవి మిగిలినవి పోటు తగ్గినప్పుడు తేలే కాంక్రీటు దిమ్మలు. మావాళ్లెవరైనా అటు వెళ్తే చూసి రమ్మంటాను. చెప్పులు చేతబట్టుకుని, ఆటు టైము కనుక్కుని మరీ వెళ్లమంటాను.

ఇట్లు,
వరసకి మీ బావమరిది