రహస్యం వ్యాపారిది, తిట్లు డ్రైవర్‌కా?

బ్లైండ్ షిప్‌మెంట్లు, అంటే పంపేవారి పేరో తీసుకునేవారి పేరో అవతలివాళ్లకి తెలియకుండా పంపే లోడ్లు, వద్దని నేననను. మధ్యలో ఉండి సరుకు కొని అమ్మే వ్యాపారి, తన సప్లయర్ ఎవరో కస్టమర్‌కి తెలియకూడదనుకోవడంలో తప్పేమీ లేదు. తెలిస్తే వచ్చేసారి ఆ కస్టమర్ నేరుగా ఫ్యాక్టరీకే ఫోన్ చేస్తాడు, ఇతని పొట్ట కొట్టినట్టే. నా కోపమల్లా ఒక్కదాని మీదే. ఆ రహస్యం కాపాడే పనిని ముందూ వెనకా చెప్పకుండా డ్రైవర్ నెత్తిన పెడతారు, బయటపడగానే అతన్నే దొంగను చూసినట్టు చూస్తారు. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో బండ్లు పంపే డిస్పాచ్‌లో కూర్చుని ఇది చూసీ చూసీ విసిగిపోయాను.

మామూలు లోడుకి ఒకటే బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకుతో పాటు బండిలో వెళ్లే కాగితం. పంపేదెవరు, తీసుకునేదెవరు, ఎన్ని ప్యాలెట్లు (సరుకు పేర్చి కట్టే చెక్క పలకలు), ఎంత బరువు, అన్నీ అందులోనే ఉంటాయి. రెండు వైపులా పేర్లు దాచాలంటే, అంటే డబుల్ బ్లైండ్ అయితే, మూడు కాగితాలు కావాలి. లోడింగ్ దగ్గర చూపించేదాంట్లో తీసుకునేవారి చోట మధ్యవర్తి పేరుంటుంది. అన్‌లోడింగ్ దగ్గర ఇచ్చేదాంట్లో పంపినవారి చోట కూడా అదే పేరు. అసలు ఎక్కడ ఎత్తి ఎక్కడ దించాలో ఉన్న మూడోది ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ దగ్గరే ఉండాలి. బండి ఫ్యాక్టరీ గేటు దాటాక, దించే చోటికి చేరేలోపు కాగితం మారాలి.

అందుకే చాలా కంపెనీలు లోడు ఎత్తకముందే ఫారం నింపమంటాయి, దానికి అదనపు ఛార్జీ వేస్తాయి, కిరాయి కట్టే పార్టీ అడిగితేనే ఒప్పుకుంటాయి. కానీ జరిగేదేమిటి? బండి సగం దారిలో ఉండగా ఫోన్ వస్తుంది. "చెప్పడం మర్చిపోయాం, అది బ్లైండ్ లోడు. మీ డ్రైవర్‌కి ఒక మాట చెప్పండి." ఏం చెప్పాలి? అతని చేతిలో అప్పటికే ఫ్యాక్టరీ పేరున్న కాగితం ఉంది.

పోనీ కాగితం మార్చామే అనుకోండి. ప్యాలెట్ మీద చుట్టిన ప్లాస్టిక్ కవరు పైన ఫ్యాక్టరీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరుతో సహా లేబుల్ మెరుస్తూ ఉంటుంది. పక్కనే చిన్న సంచీలో ప్యాకింగ్ స్లిప్. సరుకు దించుకునే డాక్ మీది క్లర్క్ ఒకసారి లేబుల్ చూస్తాడు, ఒకసారి కాగితం చూస్తాడు. "ఇందులో పేరు వేరేగా ఉందేంటి? అసలు ఎక్కడి నుంచి తెచ్చావు?" నిజం చెబితే పార్టీ ఊరుకోదు, అబద్ధం చెబితే సరుకు మీదే అనుమానం. లేబుల్ పీకే హక్కు డ్రైవర్‌కి లేదు, ప్యాకింగ్ ముట్టుకుంటే ఆ నేరం కూడా అతని మీదకే వస్తుంది. ఫ్యాక్టరీకి ముందే చెప్పి ఏ పేరూ లేని లేబుల్ వేయించుకోవాల్సింది ఆ వ్యాపారి. ఆ ఒక్క ఫోన్ చేయడానికి బద్ధకం!

సరుకు దెబ్బతింటే ఇంకా ఘోరం. ఎత్తినప్పుడు ఎలా ఉందో ఒక కాగితం మీద, దించినప్పుడు ఎలా ఉందో ఇంకో కాగితం మీద. బరువులో, ప్యాలెట్ల లెక్కలో తేడా ఉంటే నష్టపరిహారం క్లెయిమ్ అక్కడే చిక్కుకుంటుంది. తీసుకునేవారు సరుకు వద్దంటే బండి ఎటు తిరగాలి? కాగితంలో ఉన్నది మధ్యవర్తి ఆఫీసు అడ్రసు, అక్కడ ప్యాలెట్ దించడానికి చోటే ఉండదు. అతను ఫోన్ ఎత్తేదాకా డ్రైవర్ తిండీ నిద్రా లేకుండా బండిలోనే కూర్చోవాలి.

దేశం దాటే సరుకు సంగతి వేరు. కస్టమ్స్‌కి సరుకు అసలు ఎక్కడ తయారైందో నిజం చెప్పి తీరాలి, అక్కడ బ్లైండ్ అన్న మాట చెల్లదు. ప్రమాదకర రసాయనాల విషయంలోనూ నేను రాజీపడను. ట్యాంకు కారితే ఎవరికి ఫోన్ చేయాలో, లోపల ఏముందో బండిలోని కాగితంలో సరిగ్గా ఉండాల్సిందే. వ్యాపార రహస్యం మనిషి ప్రాణం కంటే ఎక్కువేం కాదు.

అందుకే నేనిప్పుడు మూడు కాగితాలూ, లేబుళ్ల గురించి ఫ్యాక్టరీ ఒప్పుకున్నట్టు ఒక మెయిలూ వచ్చేదాకా బండి కదిలించడం లేదు. దించే చోట ఎవరైనా ఏమైనా అడిగితే, "నాకు తెలియదు, ఆఫీసుకి ఫోన్ చేయండి" అని నా నంబరు ఇమ్మని డ్రైవర్లందరికీ చెప్పాను. ఒకరిద్దరు పార్టీలు కోపమొచ్చి లోడ్లు వేరేవాళ్లకి ఇచ్చుకున్నారు. ఇచ్చుకోనీ.