పిల్లల్ని కనని గుణం ఇన్ని తరాలు ఎలా నిలిచింది?

(పెద్దనాన్న రిటైరైన జువాలజీ లెక్చరర్. సుధ జన్యుశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. పెద్దనాన్న స్నేహితుడి కొడుకు తనకు మగవాళ్ల మీదే ఇష్టమని ఇంట్లో చెప్పేశాడు. తండ్రి అతనికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇప్పించాలని చూస్తున్నాడు.)

పెద్దనాన్న: డార్విన్ పాఠం ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణమ్మా. సంతానాన్ని తగ్గించే గుణం జన్యువుల వల్ల వస్తే కొన్ని తరాల్లో తుడిచిపెట్టుకుపోవాలి. ఇది పోలేదు. అంటే జన్యువుల్లో లేదు. పెంపకం, స్నేహాలు, అంతే.

సుధ: మరి సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఎందుకు పోలేదు? ఆదిలాబాద్ ఏజెన్సీలో ఇప్పటికీ ఉంది కదా. ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే ప్రాణం మీదికొస్తుంది, ఒక్కరి నుంచే వస్తే మలేరియా నుంచి కాపాడుతుంది. ఒకరికి నష్టం చేసేది ఇంకొకరికి మేలు చేస్తే నిలిచిపోతుంది. 2004లో ఇటలీలో కాంపెరియో చియాని బృందం ఇలాంటిదే చూసింది. స్వలింగ ఆకర్షణ ఉన్న మగవాళ్లకు తల్లి వైపు ఆడవాళ్లలో సంతానం ఎక్కువగా ఉంది.

పెద్దనాన్న: ఇటలీ ఒక్కటి పట్టుకుంటే ఎలా? పసిఫిక్ దీవి సమోవాలో ఇలాంటి మగవాళ్లు మేనల్లుళ్లని బాగా చూసుకుంటారు కాబట్టి ఆ గుణం నిలిచిందనీ అంటారు. లెక్క వెయ్యి. బిడ్డలో మన జన్యువులు సగం, మేనల్లుడిలో పావు. తను కనని ఒక్కో బిడ్డకీ బదులుగా ఇద్దరు మేనల్లుళ్లు అదనంగా బతకాలి. పైగా అమెరికాలో చూస్తే వాళ్లేమీ మేనల్లుళ్లకి ఎక్కువ పెట్టట్లేదని తేలింది.

సుధ: ఆ లెక్క మీరు చెప్పినట్టే ఉంది. మేనమామ సిద్ధాంతం మీద నేను ఆధారపడను. కానీ మీరు ఒక్క జన్యువు, ఒక్క పని అన్నట్టు మాట్లాడుతున్నారు. 1993లో డీన్ హామర్ అనే శాస్త్రవేత్త ఎక్స్ క్రోమోజోమ్ చివర ఏదో ఉందన్నప్పుడు పత్రికలన్నీ 'గే జీన్' అని హోరెత్తించాయి. 2019లో దాదాపు 4.77 లక్షల మంది డీఎన్ఏ చూస్తే గట్టిగా నిలబడినవి ఐదే చోట్లు, ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది. జన్యువుల్లోని చిన్న చిన్న తేడాలన్నీ కలిపినా మనుషుల మధ్య తేడాలో 8 నుంచి 25 శాతమే తేలింది. అవి మీలోనూ నాలోనూ ఉండొచ్చు. అంత పలచగా అందరిలో చెదిరిపోయినవాటిని ప్రకృతి వరణం ఏరిపారేయడం చాలా కష్టం. ఇక అన్నల సంగతి వినండి. పైన ఒక్కో అన్న ఉన్నకొద్దీ తమ్ముడికి ఈ అవకాశం సుమారు మూడో వంతు పెరుగుతుంది. మొదటివాడికి నూటికి రెండనుకుంటే, రెండోవాడికి రెండున్నర దాటుతుంది. అంటే చాలామంది తమ్ముళ్లు మామూలుగానే ఉంటారు. 2006లో బొగార్ట్ అనే పరిశోధకుడు చూపించినదేమిటంటే, వేరే ఇంట్లో పెరిగినా ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నలు లెక్కలోకి వస్తారు, కలిసి పెరిగిన దత్తత అన్నలు రారు. అంటే ఇది ఇంట్లో కాదు, గర్భంలో జరుగుతోంది. మగశిశువు వై క్రోమోజోమ్ తయారుచేసే ఒక ప్రొటీన్‌కి తల్లి రక్తంలో యాంటీబాడీలు పుడతాయేమోనని 2018లో ఒక బృందం ఆధారం చూపింది. బిడ్డ రక్తం తల్లి రక్తానికి పడకపోతే తల్లిలో యాంటీబాడీలు పుడతాయని మీరు క్లాసులో చెప్పిన ఆర్‌హెచ్ కథ లాంటిదే. ఇందులో ఆ తల్లి చేసిన తప్పేముంది?

పెద్దనాన్న: కవలల సంగతి దాటేశావు. 1991లో ఒకే అండం కవలల్లో ఒకడికి ఈ గుణం ఉంటే 52 శాతం రెండోవాడికీ ఉందన్నారు. ప్రకటనలిచ్చి పిలిస్తే వచ్చినవాళ్లు వాళ్లు! 2000లో ఆస్ట్రేలియా కవలల రిజిస్టర్ నుంచి తీసుకుంటే మగవాళ్లలో 20కి పడిపోయింది. అవే జన్యువులు, అదే గర్భం. ఒకడు అటు, ఒకడు ఇటు. ఇంక నీ జన్యువు చేసిందేమిటి?

సుధ: గట్టి దెబ్బే. జన్యువు ఒక్కటే నిర్ణయించదని అది రుజువు చేస్తుంది. కానీ ఆ ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే అమ్మానాన్న, ఒకే బడి. మీ పెంపకం వాదం కూడా అక్కడే పడిపోయింది కదా.

పెద్దనాన్న: ఏమో. పెళ్లి చేస్తే సర్దుకున్నవాళ్లని నేను చూశాను.

సుధ: వాళ్ల భార్యల్ని అడిగారా? మన అక్కకి అలాంటి సంబంధం వస్తే చేసేవారా?

పెద్దనాన్న: మా అమ్మాయిని మధ్యలోకి లాగకు.

సుధ: ఇంకొకరి అమ్మాయిని లాగొచ్చా?

పెద్దనాన్న: అది వేరే మాట. అసలు నీ దారిలో ఉన్న ప్రమాదం చూడు. ఆడపిల్లని స్కానింగ్‌లో ఏరేసిన దేశం మనది, 1994లో చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది. రేపు దీనికీ పరీక్ష వస్తే?

సుధ: డీఎన్ఏ చూసి ఒక మనిషి గురించి ముందే చెప్పలేమని ఆ 2019 పరిశోధకులే అన్నారు. అయినా ఆ భయం నాకూ ఉంది. అందుకే హక్కుని జన్యువుకి ముడిపెట్టను. మతం రక్తంలో ఉండదు, మార్చుకోవచ్చు కూడా. అయినా రాజ్యాంగం దానికి రక్షణ ఇచ్చింది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు పెద్దలు ఇష్టపడి పెట్టుకునే సంబంధాన్ని, స్వలింగ సంబంధాల్ని నేరమన్న 377వ సెక్షన్ నుంచి తప్పించినప్పుడు ఎవరి డీఎన్ఏ రిపోర్టూ అడగలేదు. ఇంజెక్షన్ల మాటకొస్తే, మగ హార్మోన్ ఇచ్చి చూడటం ఎప్పుడో అయిపోయింది. కోరిక పెరిగిందే గానీ దిక్కు మారలేదు. ఇలాంటి 'మార్పిడి చికిత్స'ని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది.

పెద్దనాన్న: కారణం సంగతి నేనింకా ఒప్పుకోలేదు. ఇంజెక్షన్లు మానమని మాత్రం ఈ సాయంత్రం ఫోన్ చేసి చెబుతాను.

సుధ: సంబంధాలు చూడటం కూడా ఆపమనండి, పెద్దనాన్నా.