సవరణ: సంక్రాంతి పనుల్లో ఒళ్లు నొప్పులు, కాపడం

పండగ పనుల్లో వచ్చే ఒళ్లు నొప్పుల మీద మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

"ఏ నొప్పికైనా వెంటనే అరగంట వేడి కాపడం" అన్నాం. అది సరికాదు. ముగ్గులేసీ, జంతికల గొట్టం నొక్కీ బిగుసుకుపోయిన నడుముకు, భుజాలకు వేడి మంచిదే. కాలు మడతపడి చీలమండ వాస్తే మాత్రం తొలి రెండు రోజులు వేడి తగలనివ్వొద్దు, వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు 10–15 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి పెట్టాలి. వేడైనా 15–20 నిమిషాలు చాలు. కాపడం సంచిలో మరిగే నీళ్లు పోయొద్దు. మూడింట రెండు వంతులే నింపి, పైన సంచిని నొక్కి గాలి పోగొట్టి, బిరడా బిగించి, తువ్వాలు చుట్టాలి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లు పాదాలకు కాపడం పెట్టుకోనేకూడదు. చర్మం కాలినా తెలియదు.

రెండోది, "ముగ్గు నడుం వంచే వేయండి" అన్న మాట. మోకాళ్లు అరిగినవాళ్ల కోసం రాసింది అందరికీ అన్నట్టు పడింది. మోకాళ్లు బాగున్నవాళ్లు చిన్న పీట వేసుకుని, చేయి చాచకుండా పీటనే జరుపుకుంటూ వేయాలి. ఎలా వేసినా పావుగంటకోసారి లేచి, చేతులు నడుం మీద ఆనించి నాలుగైదుసార్లు మెల్లగా వెనక్కి వంగాలి. ఇరవయ్యొక్క చుక్కల ముగ్గు ఒక్క ఊపులో ముగించాలన్న పంతమే సగం నొప్పికి మూలం!

నడుం నొప్పి కాల్లోకి దిగి తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా కాపడాలు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

పిండివంటల పనిని భోగికి ముందే మూడు రోజులకు పంచుకోమన్న సలహాలో మార్పు లేదు.